ఎఱ్ఱకొండల ఇనుపదారి: కొలువుమెట్లపై రైలుచరిత్ర

భారతదేశమున మొదటి రైలుబండి ఏదియని బడిపిల్లల నడిగినచో, 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు నడచినదని తడుముకొనక చెప్పుదురు. ప్రయాణికుల బండి విషయమున నది సత్యమే. కాని అంతకు పదునాఱేండ్లకు ముందే ఇనుపపట్టాలమీద బండ్లు మన పొరుగుననే నడచినవను సంగతి మనలిలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఎందఱికి తెలియును?

మనలికి పశ్చిమమున రెడ్‌హిల్స్ కలదు. అచటి నేల ఎఱుపు; త్రవ్విన ఎఱ్ఱరాయి దొరకును. చెన్నపట్టణపు బాటలకు ఈ రాయి కావలసివచ్చెను. దానిని చింతాద్రిపేట వంతెనకు చేరవేయుటకై 1836–37 సంవత్సరములలో ఒక ఇనుపదారిని వేసిరి. బండ్లను ముఖ్యముగా పశువులు లాగెడివి. ఆవిరియంత్రముతోను ప్రయోగములు చేసిరి. ఆ రాయి చేరిన చింతాద్రిపేట మనకు పరాయిది కాదు. 1734లో నేతగాండ్రకై ఆ పేటను నెలకొల్పినది మన తెలుగువర్తకుడగు సుంకురామ శెట్టి తోటస్థలమునందే.

ఈ దారితో ముడిపడిన పేరు ఆర్థర్ కాటనుది. గోదావరి మండలములవారు నేటికిని చేతులెత్తి మ్రొక్కు కాటను దొరయే యితడు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పనులకును రాతిని పట్టాలమీదనే తరలించిరి. రెడ్‌హిల్స్‌లో రాయి బాటకొఱకు కదలెను. ధవళేశ్వరమున నీటికొఱకు కదలెను. వింత యేమనగా, ఇంత తొలుతనే ఇనుపదారిని చేపట్టిన యా ఇంజనీరే అనంతరకాలమున ఈ దేశమునకు రైళ్లకంటె కాలువలే మేలని వాదించెను.

ఆయన వాదించిన కాలువలలో నొకటి మనకు తూర్పున ఉన్నది. 1806లో ఎన్నూరు వఱకు ప్రారంభమైన ఆ కాలువ క్రమముగా ఉత్తరమునకు సాగి పెదగంజాముకడ కొమ్మమూరు కాలువతో కలిసి, కృష్ణానదితో చెన్నపట్టణమును జోడించెను. 1876–78 నాటి ఘోరక్షామమున కూలికై వచ్చిన బీదలు నగరములోని భాగమును త్రవ్విరి. 1878లో దానికి బకింగ్‌హామ్ కాలువయని పేరు పెట్టిరి. ఉప్పును, ధాన్యమును, వంటచెఱకును పడవలు ఈ నీటిమీదనే తెచ్చెడివి. 1856 జులై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా రోడ్డుకు దక్షిణదేశపు తొలి ప్రయాణికుల బండి కదలెను. 1899లో బెజవాడకు రైలుదారి కలిసెను. తిరువొత్తియూరు, ఎన్నూరుల మీదుగా పోవు నా దారిన ఎన్ని తెలుగు కుటుంబములు మూటాముల్లెలతో నీ పట్టణమున దిగినవో!

రాతిదారి నేడు లేదు. కాలువలో పడవలు నిలిచిపోయినవి. చూపుటకు వస్తువు లేని చరిత్ర పిల్లల మనస్సున నాటదు. కనుక ఇంటిలోనే ఆ దారులను చిన్నరూపమున కట్టిచూపుట యుక్తమని నా విన్నపము.

చిన్నరైళ్లను ఇంటిలో నడపు వినోదము పాశ్చాత్యులది. 1891లో జర్మనీదేశపు మార్క్లిన్ సంస్థ లైప్జిగ్ సంతలో కొలతలు నిర్ణయించిన పట్టాలను ప్రదర్శించెను. ఇంగ్లండున హార్న్‌బీ రైళ్లు 1920లో వెలువడెను. కాని ఊరిని బొమ్మలుగా తీర్చుట మనకు క్రొత్త కాదు. మన పెద్దలు సంక్రాంతికి, ఇచట మనము దసరాకు, బొమ్మలకొలువు పెట్టుచున్నాము. మెట్లముందు ఇసుకపోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి, తోటను, చెఱువును అమర్చు ఇల్లాలు ఈ విద్యను ఎన్నడో నేర్చినది.

ఇక లెక్క. విదేశీ పట్టాల నడిమి వెడల్పు సామాన్యముగా 16.5 మిల్లీమీటర్లు. అది వారి 1435 మిల్లీమీటర్ల దారికి 87వ వంతు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. అదే వంతున 19 మిల్లీమీటర్లకు మించవలెను. కావున వారి పట్టాలపై వారి వంతుననే మన బండిని కట్టినచో దారి యిఱుకుగా కనబడును. నూఱవ వంతు తీసికొన్నచో మన దారి 16.76 మిల్లీమీటర్లగును, తేడా పావు మిల్లీమీటరే. పైగా లెక్కయు సులభము: మీటరుకు సెంటీమీటరు. ఐదున్నర అడుగుల మనిషి సెంటీమీటరున్నర పైచిలుకు ఉండును. కాని ఒక కిలోమీటరుకు పది మీటర్లు కావలెను. ఏ మధ్యతరగతి ఇంటను అంత హాలుండదు. కావున రాతిగని, నడుమ కొంత దారి, కొసను వంతెన, వీనినే యుంచి మిగిలినది విడువవలెను.

మా యింట నేను పాటించు పద్ధతి యిది. మూడు దారులు మూడు కాలములవి గనుక ఒకే పలకపై కలుపరాదు. పైమెట్టున 1837 నాటి రాతిదారి, దాని క్రింది మెట్టున కాలువ, మెట్లముందు నేలపై ప్లైవుడ్ పలకమీద 1899 నాటి రైలు. చుట్టుదారికి అడ్డుకొలత ముప్పాతిక మీటరైనను కావలెను గనుక, తిరుగు బండికి నేలయే తగును. రెడ్‌హిల్స్ ఎఱ్ఱమట్టిని ఎండబెట్టి, గుడ్డతో జల్లించి, నీళ్లు కలిపిన జిగురుపై చల్లినచో ఏ రంగును ఇయ్యలేని నిజమైన ఎఱుపు వచ్చును. రాతిదారికి అగ్గిపుల్లలే స్లీపర్లు. థర్మోకోలు గుట్టలు, కొబ్బరిపీచు తాటియాకులు, కాలువకు రంగుపై రెండుపూతల వార్నీషు. ప్రతి మెట్టునకు ఏడును, పేరును తెలుగున వ్రాసిన చీటి తప్పక ఉండవలెను.

మన పిల్లలు బడిలో తమిళమును, ఆంగ్లమును చదువుచున్నారు, అందు తప్పులేదు. కాని పేరంటమునకు వచ్చిన పిల్ల ఆ చీటిని కూడబలుకుకొని చదివి, “తాతగారూ, ఈ రాయి ఎక్కడికి పోవుచున్నది?” అని యడిగినచో, చింతాద్రిపేటనుండి ధవళేశ్వరము వఱకు చెప్పుటకు మనకు కథ యున్నది. ఈ దసరాకు మన సంఘసభ్యులలో నలుగురైనను తమ కొలువున నొక మెట్టును ఇందులకు కేటాయింతురుగాక.