పార్లమెంటు మనకు చేసిన చెడెంత? మంచెంత?

మా హాస్టల్లో పదో తరగతి పిల్లలు ఏటా ఒక ప్రశ్న అడుగుతారు: "ఢిల్లీలో పార్లమెంటు ఉండటం వల్ల మన గూడేలకు మంచి జరిగిందా, చెడు జరిగిందా?" దీనికి చరిత్రే జవాబు చెప్పాలి.

అడవి మన చేతుల్లోంచి పోయింది చట్టం వల్లనే. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. వాటిని చేసిన సభల్లో మనవాళ్లు ఒక్కరూ లేరు. తాతలు పోడు కొట్టుకున్న కొండలు రిజర్వు ఫారెస్టు అయ్యాయి. 1922లో గాం గంటందొర, మల్లుదొర వంటివారు అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడటానికి పోడుపై ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి ముఖ్య కారణాలు.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ప్రజాస్వామ్యం ఆదివాసులకు నేర్పనక్కర్లేదని, వారి దగ్గరే నేర్చుకోవాలని చెప్పారు. తర్వాత లోక్‌సభలో మనకు రిజర్వు స్థానాలు వచ్చాయి. ఇప్పుడు 543లో 47 మనవి. అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్ వాటిలోవే. అయినా 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది పార్లమెంటే. కోయ, కొండరెడ్డి గూడేలు ఏ రాష్ట్రంలో ఉండాలో ఢిల్లీలో తేలింది.

అయితే అదే పార్లమెంటు 1996లో పెసా చట్టం చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలంది. 2006లో అటవీ హక్కుల చట్టం చేసింది. బ్రిటిష్ కాలంలోనూ, స్వతంత్ర భారతంలోనూ అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని దాని పీఠికలోనే ఒప్పుకుంది.

అందుకే పార్లమెంటు వద్దని మేము చెప్పం. చట్టంతో పోయిన హక్కు చట్టంతోనే తిరిగి రావాలి. మనల్ని అడగకుండా నిర్ణయించినప్పుడే కీడు జరిగింది. మనల్ని అడగాల్సిన చోటు గ్రామసభ. అటవీ హక్కుల సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఊరు రాకపోతే కాగితం మీద సంతకాలు వేరేవాళ్లు పెడతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. అమ్మను, అవ్వను వెంటబెట్టుకుని వెళ్లండి. తీర్మానం చదివి వాళ్లకు మన భాషలో చెప్పండి. ఆ తర్వాతే వేలిముద్ర వేయించండి.