వ్రేళ్ళు తెల్లబడుట – ఒక బాధ చరిత్ర

మన చింతాద్రిపేట చేతిపని వలన పుట్టిన పేట. 1734వ సంవత్సరమున, జార్జి మోర్టన్ పిట్ గవర్నరుగా నున్నపుడు, ఈస్టిండియా కంపెనీవారు కూవము నది వంపున, సుంకురామ యను వర్తకుని తోట యుండిన చోట, నేతపనివారి కొరకు దీనిని నెలకొల్పిరి. చిన్న మగ్గముల పేట యని అర్థమిచ్చు ‘చిన్న తరి పేట్టై’ యను అరవ మాటయే చింతాద్రిపేట యైనదని చెప్పుదురు. నూలు వడకువారు, నేయువారు, అద్దకమువారు, బట్టలు చలువచేయువారు ఇచ్చట కాపురముండిరి. వీరందరికిని వ్రేళ్ళే ఆస్తి. కనుక వ్రేళ్ళకు వచ్చు ఒక బాధను గూర్చియు, లోకము దానిని గుర్తించిన విధమును గూర్చియు ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు వ్రాయుట అసందర్భము కాదని తలంచుచున్నాము.

చలి తగిలినంతనే కొందరి వ్రేళ్ళు సున్నము పూసినట్లు తెల్లబడి తిమ్మిరెక్కును. కొంతసేపటికి నీలివన్నెకు తిరుగును. రక్తము మరల వచ్చునపుడు ఎర్రబడి సలుపును. ఒంటి వేడిని కాపాడుటకై చలిలో చర్మపు రక్తనాళములు ముడుచుకొనుట అందరికిని సహజమే. ఈ బాధ గలవారిలో ఆ ముడుత మితిమీరును.

మద్రాసులో చలి యెక్కడిదని చదువరులు నవ్వవచ్చును. చలి మన ఊరికి ఓడ మీద వచ్చినది. అమెరికా దేశపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ తన దేశపు చెరువులలో గడ్డకట్టిన మంచును 1833లో కలకత్తాకు పంపెను. 1842లో మద్రాసు సముద్రపుటొడ్డున ఆ మంచు నిలువకు ఐస్‌హౌసు కట్టబడినది. 1897లో వివేకానందస్వామి బసచేసిన మేడ అదియే. మంచు చేయు యంత్రములు వచ్చిన పిదప ఆ ఓడ వ్యాపారము ముగిసినది గాని, మంచు మాత్రము ఊరిని విడువలేదు. మన పేట చేపల మార్కెట్టులో మంచుగడ్డల నడుమ చేతులాడించువారిని అడిగినచో చలి యెక్కడిదో చెప్పగలరు.

ఈ బాధను మొదట వివరముగా వర్ణించినవాడు మోరిస్ రేనో అను ఫ్రెంచి వైద్యుడు. 1862లో పారిసులో తన వైద్యపట్టము కొరకు వ్రాసిన గ్రంథమున 25 మంది రోగుల సంగతులు పొందుపరచెను. నేటికిని ఈ బాధ ఆయన పేరనే పిలువబడుచున్నది. నరములు మితిమీరి ఉద్రేకించుటయే కారణమని ఆయన యభిప్రాయము. 1929లో ఇంగ్లండున సర్ తామస్ లూయిస్ లోపము వ్రేళ్ళ రక్తనాళములలోనే కలదని వాదించెను. నేటి వైద్యులు రెండింటికిని పాలు కలదందురు.

పండితులు ఇట్లు వాదించుకొనుచుండగా, పనివారి చేతులు మరియొక సంగతి చెప్పినవి. 1911లో ఇటలీలో లోరిగా అను వైద్యుడు, గాలి ఒత్తిడితో అదరు సుత్తులు పట్టు రాతిపనివారి వ్రేళ్ళు చచ్చుపడుటను వర్ణించెను. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అను విదుషి అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, బెడ్‌ఫర్డు రాతిగనులలో అట్టి సుత్తులు వాడువారిని పరీక్షించెను. సుత్తి పట్టు కుడిచేతికన్న ఉలి పట్టు ఎడమచేతికే హాని యెక్కువగా కనబడెను. అదురు, చలి కలిసి చేసిన పని యది. అయినను బ్రిటనులో దీనిని పరిహారము పొందదగిన పారిశ్రామిక వ్యాధిగా చేర్చునప్పటికి 1985వ సంవత్సరము వచ్చినది. లోరిగా వ్రాసిన నాటినుండి లెక్కించిన 74 ఏండ్లు! రైలుమార్గమున కంకర కుదించు చేతియంత్రముల అదురు ఎరిగిన మన రైల్వే కుటుంబములకు ఈ లెక్క పరాయిది కాదు.

ఇక ఈ బాధను తూచుట యెట్లు? చేతులను 12 డిగ్రీల సెల్సియస్ నీటిలో 5 నిమిషములుంచి, వ్రేళ్ళు మరల వేడెక్కు తీరును కొలుచు పరీక్ష కలదు. కాని అది యొక్కటియే చాలదు. రోగి చెప్పు మాటయే ముఖ్యము. ఏ వ్రేళ్ళు? ఎంతసేపు? ఏ వయస్సున మొదలైనది? చేయు పని యేమి? వాడు మందులేమి? తెల్లబడినపుడే సెల్‌ఫోనులో ఫోటో తీసి చూపినచో వైద్యునకు మేలు. గోటి మొదలున సన్నని నాళములను సూక్ష్మదర్శినితో చూచుటయు, రక్తపరీక్షయు తరువాతివి.

పదునైదు ముప్పది ఏండ్ల నడుమ, ముఖ్యముగా స్త్రీలలో, రెండు చేతులకు సమముగా వచ్చునది చాలవరకు ప్రమాదము లేనిదే. నలుబది దాటిన పిదప క్రొత్తగా వచ్చినను, ఒక చేతికే వచ్చినను, వ్రేలికొనలు పుండ్లు పడినను, చర్మము బిగిసినను తడయక వైద్యుని చూడవలెను. దాని వెనుక వేరొక వ్యాధి యుండవచ్చును. చేతులనే గాక ఒంటినంతను వెచ్చగా నుంచుకొనుట, బీడీ సిగరెట్లు మానుట అందరికిని మంచిది.

చేతులను నమ్ముకొని ఊరు విడిచి వచ్చిన వారము మనము. ఇంటిలో తల్లి గాని, కోడలు గాని, పనినుండి వచ్చిన తమ్ముడు గాని “వ్రేళ్ళు తెల్లబడుచున్నవి” అన్నచో, “ఈ ఎండల ఊరిలోనా?” అని నవ్వి త్రోసివేయక, ఆ మాటను చెవిని బెట్టుదము. వినుటకు లోకమునకు 74 ఏండ్లు పట్టినది. మన ఇండ్లలో అంత జాగు వలదు.