నీళ్లు ఎవరు తేవాలి? ఒక సాఫ్ట్‌వేర్ ఆలోచన కథ

కువైట్‌లో నది లేదు. చమురు డబ్బు రాకముందు ఇక్కడి ఊరికి మంచినీళ్లు పడవల్లో వచ్చేవి. ఉత్తరాన ఉన్న షత్ అల్ అరబ్ నదిలో నింపుకుని సముద్రం మీద తెచ్చేవాళ్లు. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే ప్లాంటు మొదలైంది. తర్వాత నీటి టవర్లు వచ్చాయి. 1979లో తెరిచిన కువైట్ టవర్స్ మనందరికీ తెలుసు. ఎత్తైన టవర్ 187 మీటర్లు. అవి ఫోటోల కోసమే కట్టారని చాలామంది అనుకుంటారు కానీ, మూడింటిలో రెండు టవర్లు నీళ్లు నిలవ చేయడానికి కట్టినవి.

ఇప్పుడు కుళాయి తిప్పితే చాలు. నీళ్లు ఎక్కడ తయారయ్యాయో కుళాయికి తెలియదు, తెలియక్కర్లేదు కూడా. ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడా ఇలాంటి మార్పు కోసం చాలా ఏళ్లు తంటాలు పడ్డారు. ఈసారి ఆ చరిత్ర చెప్తాను.

ప్రోగ్రాములో చాలా భాగాలు ఉంటాయి. బిల్లు వేసే భాగానికి డేటాబేస్ కావాలి. డేటాబేస్ భాగానికి సెట్టింగులు కావాలి. ఇలా కావాల్సినదాన్ని డిపెండెన్సీ అంటారు. పాత పద్ధతిలో ప్రతి భాగం తనకి కావాల్సినది తానే తయారు చేసుకునేది. అంటే, ప్రతి ఇల్లూ సొంత పడవ వేసుకుని నదికి వెళ్లినట్టు. ఒక్కచోట మార్పు వస్తే అన్ని పడవలూ దారి మార్చుకోవాలి.

1988లో రాల్ఫ్ జాన్సన్, బ్రయన్ ఫుట్ తమ వ్యాసంలో "ఇన్‌వర్షన్ ఆఫ్ కంట్రోల్" గురించి రాశారు. మన కోడ్ ఫ్రేమ్‌వర్క్‌ని పిలవడం కాదు, ఫ్రేమ్‌వర్కే మన కోడ్‌ని పిలుస్తుంది. తెలుగులో చెప్పాలంటే పగ్గాలు చేతులు మారాయి. 2002లో రాడ్ జాన్సన్ (ఈయన వేరే జాన్సన్) జావా మీద ఒక పుస్తకం రాశారు. దానితో వచ్చిన కోడ్ నుంచే స్ప్రింగ్ పుట్టింది. దాని 1.0 వెర్షన్ 2004 మార్చిలో వచ్చింది. ఇక్కడ స్ప్రింగ్ అంటే నీటి ఊట కాదు, వసంతం. అప్పటి బరువైన జావా పద్ధతి చలికాలమైతే, ఇది దాని తర్వాత వచ్చిన వసంతం అన్నమాట.

ఆ ఏడాది జనవరిలోనే మార్టిన్ ఫౌలర్ ఒక వ్యాసం రాశారు. పాత పేరు మరీ విశాలంగా ఉందని, ఈ పద్ధతికి "డిపెండెన్సీ ఇంజెక్షన్" అనే పేరు వాడారు. ఇంజెక్షన్ మనకి తెలిసిన మాటే. మందు బయటి నుంచి ఒంట్లోకి ఎక్కిస్తారు కదా, అలాగే.

ఎక్కించే పని చేసేది కంటైనర్. ముందు మనం దానికి ఒక జాబితా ఇస్తాం: ఎవరైనా "డేటాబేస్" అంటే ఫలానాది ఇవ్వు, అని. తర్వాత బిల్లు భాగం అడిగితే, కంటైనర్ దానికి ఏం కావాలో చూస్తుంది. డేటాబేస్ కావాలి. దానికి సెట్టింగులు కావాలి. సెట్టింగులకి ఏమీ అక్కర్లేదు. కాబట్టి అడుగు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తయారు చేసి పైకి అందిస్తుంది. ఒకదానికొకటి కావాల్సి వచ్చి గుండ్రంగా తిరిగితే, మామూలుగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

అసలు కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. తయారైన వస్తువుని ఎవరెవరు పంచుకోవాలి? అది ఎంతకాలం ఉండాలి? 2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో మూడు రకాలు ఉన్నాయి. సింగిల్టన్ నీటి టవర్ లాంటిది: ఒక్కటే, అందరికీ. స్కోప్డ్ ఇంటి బిందె లాంటిది: ఒక రిక్వెస్టులో ఉన్న భాగాలన్నీ అదే వాడతాయి, రిక్వెస్టు అయిపోగానే పారబోస్తారు. ట్రాన్సియెంట్ గ్లాసు లాంటిది: అడిగిన ప్రతిసారీ కొత్తది.

మనం ఏమీ చెప్పకపోతే? స్ప్రింగ్ ఒక్కటే తయారు చేసి అందరికీ ఇస్తుంది. 2007లో గూగుల్ విడుదల చేసిన గైస్ అడిగిన ప్రతిసారీ కొత్తది ఇస్తుంది. అందుకే ఒకటి వదిలి ఇంకోటి వాడేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇది తప్పితే ఏమవుతుందో చూడండి. డబ్బు పంపే యాప్ ఒకటి ఉందనుకుందాం. ఫర్వానియాలో ఒక అక్క రాజంపేటలో ఉన్న వాళ్ల అమ్మకి డబ్బు పంపుతోంది. అదే నిమిషంలో సాల్మియాలో ఒక అన్న రావులపాలేనికి పంపుతున్నాడు. "ఇప్పుడు యాప్ వాడుతున్నది ఎవరు" అనే సమాచారం బిందెలో ఉండాలి. కానీ సింగిల్టన్‌గా ఉన్న ఒక భాగం అక్క బిందెని పట్టుకుని వదల్లేదు. ఇక అన్నకి కూడా అక్క వివరాలే కనిపించవచ్చు. ఒక్కరే పరీక్షించి చూస్తే ఈ తప్పు బయటపడదు. ఇద్దరు ఉంటేనే తెలుస్తుంది. మార్క్ సీమన్ దీన్ని "క్యాప్టివ్ డిపెండెన్సీ" అన్నారు. క్యాప్టివ్ అంటే బందీ. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 2.0 నుంచి, డెవలప్‌మెంట్ దశలో స్కోప్డ్ వస్తువు సింగిల్టన్‌కి బందీ అవుతుంటే కంటైనరే పట్టుకుని ఎర్రర్ ఇస్తుంది.

ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఇది. నీళ్లు తెచ్చే పని కంటైనర్‌కి ఇచ్చేయొచ్చు. కానీ ఏది అందరిది, ఏది ఒక ఇంటిది అని చెప్పే పని మాత్రం మనదే.

ఈసారి మాటలు:

పగ్గాలు: ఎద్దుల్నీ గుర్రాల్నీ నడిపే తాళ్లు. "పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?" అంటే, ఇక్కడ మాట ఎవరిది అని.

ఆయుష్షు: బతికే కాలం. స్కోప్డ్ వస్తువు ఆయుష్షు ఒక్క రిక్వెస్టు.

పారబోయడం: నీళ్లు బయట పోసేయడం. బిందెలో పాత నీళ్లు పారబోసి కొత్తవి పట్టండి.