రాహదారి నుంచి వీసా దాకా: కందకుర్తి, బోధన్ పరిసరాల వలసలో అక్షరమనే హద్దు

వ్యాససంగ్రహం:
దేశం దాటే మనిషి ఏ పత్రం చూపాలన్న నియమంలో, ఆ మనిషిని రాజ్యం ఏ దృష్టితో చూస్తున్నదో కనిపిస్తుంది. నిజామాబాద్ జిల్లా కందకుర్తి, బోధన్ పరిసరాల నుంచి గల్ఫ్ దేశాలకు సాగుతున్న శ్రామిక వలసలో పదవ తరగతి ధ్రువపత్రానికి ఉన్న స్థానాన్ని, 1897 నాటి నేటాల్ అక్షర పరీక్ష వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కార్మికుని రక్షణకు ఏర్పరచిన ప్రమాణం అతడు చేసే పనిని కాక చదివిన చదువును కొలవడం వల్ల ఆ రక్షణే దారి తప్పిందని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: వలస, రాహదారి, వీసా, ఈసీఆర్, గల్ఫ్, కందకుర్తి, నేటాల్.

నది – హద్దు

మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద. మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలిసే త్రివేణీ సంగమం కావడం వల్ల ఈ ఊరు పుణ్యక్షేత్రంగా ప్రసిద్ధి. నేడు ఇది రెండు రాష్ట్రాల సరిహద్దు. అయితే ఈ హద్దు వయసు చిన్నది. 1956 నవంబర్ 1 వరకు గోదావరికి రెండు వైపుల ఉన్న ఊళ్లూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. రాష్ట్రాల పునర్విభజనతో నాందేడ్ జిల్లా నాటి బొంబాయి రాష్ట్రానికి వెళ్లగా, నిజామాబాద్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ధర్మాబాద్, బిలోలి ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు, ఇటు వైపు మరాఠీ మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వియ్యాలు, సంతలు, పుష్కర స్నానాలు ఏ పత్రం అక్కర లేకుండానే నది దాటుతున్నాయి. 2020 లాక్‌డౌన్ కాలంలో రాష్ట్రం దాటడానికి పాసులు అవసరమైనప్పుడు మాత్రమే ఇక్కడి ప్రజలకు ఈ హద్దు హద్దుగా అనుభవంలోకి వచ్చింది.

ఇదే నేలకు మరొక హద్దు ఉంది. అది నది ఒడ్డున ఉండదు, పాస్‌పోర్టులో ఉంటుంది. 1970వ దశకం నుంచి ఈ జిల్లా పల్లెల జీవితాన్ని మార్చింది ఆ రెండవ హద్దే.

‘రాహదారి’ అన్న మాట

నేటి తెలుగులో రహదారి అంటే పెద్ద రోడ్డు. ఈ మాట పారసీకం నుంచి వచ్చింది. ‘రాహ్’ అంటే దారి. ‘దార్’ అంటే కలిగినవాడు, కాపలాదారు. మొఘలుల పాలనా పరిభాషలో ‘రాహ్‌దారీ’ అనేది దారి వెంట సరుకు మీద వసూలు చేసే సుంకం. ఆ సుంకం చెల్లించినట్లు, దారిన పోవడానికి అనుమతి ఉన్నట్లు ఇచ్చే చీటీకీ అదే పేరు. పాత తెలుగు వాడుకలోనూ రాహదారికి అనుమతి పత్రం అన్న అర్థం ఉండేది. కాలక్రమంలో చీటీ మరుగునపడి మాట దారికే మిగిలింది. అర్థ పరిణామాన్ని పాఠంగా చెప్పే అధ్యాపకులకు ఇది మంచి ఉదాహరణ. చరిత్ర విద్యార్థికి మాత్రం ఇందులో మరో సంగతి కనిపిస్తుంది. ఆ కాలపు అనుమతి ప్రధానంగా సరుకును తనిఖీ చేసింది. మనిషి చదువును, ఆస్తిని, తిరిగివచ్చే ఉద్దేశాన్ని తనిఖీ చేసే పత్రం ఆధునిక రాజ్యంతో వచ్చింది.

నిజాం రాజ్యంలో రాకపోకలకు సంబంధించి మరొక పత్రం ఉండేది. 1919 ఫర్మానాతో స్థిరపడిన ముల్కీ నిబంధనల ప్రకారం ప్రభుత్వోద్యోగానికి స్థానికత రుజువు చేసుకోవాలి. పొలానికి ఆ నియమం లేదు. 1923–1931 మధ్య మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం జరిగింది. 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఈ కాలువల కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు బోధన్, వర్ని ప్రాంతాలకు తరలివచ్చారు. వారు వెలసిన ఊళ్లను నేటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. నేడు వలస పోయే నేలగా పేరుపడిన బోధన్ చెరకు సీమ తొలుత వలసను ఆహ్వానించిన నేల అన్న విషయం గల్ఫ్ వలసపై వచ్చిన రచనల్లో తరచుగా విస్మరణకు గురవుతున్నది.

నేటాల్ పరీక్ష

చెరకుకూ తెలుగువారి వలసకూ ఉన్న సంబంధం బోధన్ కన్నా పాతది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను మోసిన తొలి ఓడ అదే. 1911 వరకు సాగిన ఈ రవాణాలో మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల వారు గణనీయంగా ఉన్నారు. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కానందున అక్కడి వలస చట్టాలు ఇక్కడ అమలులో లేవు. అందువల్ల తెలుగువారి సముద్రాంతర వలస చరిత్రలో మొదటి అధ్యాయం కోస్తాది, చివరి అధ్యాయం తెలంగాణది అయింది. ఈ రెండింటినీ వేర్వేరు చరిత్రలుగా చదవడం అలవాటైంది. పత్రాల వైపు నుంచి చూస్తే అవి ఒకే చరిత్రగా కనిపిస్తాయి.

1897లో నేటాల్ ప్రభుత్వం వలస నియంత్రణ చట్టం చేసింది. అందులో జాతి పేరు, రంగు పేరు ఎక్కడా లేవు. ప్రవేశం కోరేవాడు నిర్ణీత దరఖాస్తును ఏదైనా ఒక యూరోపియన్ భాషా లిపిలో స్వయంగా రాయాలి. అంతే. తెలుగులో, తమిళంలో, గుజరాతీలో, ఉర్దూలో ఎంత చదువు ఉన్నా ఆ చట్టం దృష్టిలో నిరక్షరాస్యుడే. రంగు మాట ఎత్తకుండా రంగును అడ్డుకునే ఈ పద్ధతిని నాటి బ్రిటిష్ వలస వ్యవహారాల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్ ఇతర వలస రాజ్యాలకు ఆదర్శంగా చూపాడు. 1901లో ఆస్ట్రేలియా దానిని యాభై మాటల డిక్టేషన్ పరీక్షగా మార్చుకుంది.

ఈ చట్టంలో గమనించదగిన మినహాయింపు ఒకటి ఉంది. ప్రభుత్వ పథకం కింద వచ్చే ఒప్పంద కూలీకి అక్షర పరీక్ష లేదు. చెరకు నరకడానికి అక్షరం అక్కర లేదు. స్వేచ్ఛగా వచ్చి అంగడి పెట్టుకోవాలంటే కావాలి. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండదలచిన కూలీపై అప్పటికే 1895లో ఏడాదికి మూడు పౌండ్ల పన్ను విధించారు. శ్రమ కావాలి, శ్రామికుడు స్థిరపడకూడదు. ఈ రెండు కోరికల మధ్య పత్రం పుట్టింది.

ఆ కూలీల వారసుల నేటి స్థితి ఈ చర్చకు అవసరం. మారిషస్‌లో తెలుగువారిని ఒకప్పుడు కోరంగి రేవు పేరిట ‘కొరింగీ’లు అనేవారు. 2009 నుంచి మారిషస్ పౌరులకు ఐరోపా షెంగెన్ దేశాల్లో స్వల్పకాల పర్యటనకు వీసా అక్కర లేదు. ఆఫ్రికాలో ఈ వెసులుబాటు ఉన్న దేశాలు మారిషస్, సీషెల్స్ మాత్రమే. డర్బన్‌లోని తెలుగు కుటుంబానికి మాత్రం, నైజీరియా, ఘనా, ఇథియోపియా పౌరులకు మాదిరిగానే, వీసా తప్పదు. బ్యాంకు లెక్కలు, తిరుగు ప్రయాణపు టికెట్టు, ఉద్యోగ పత్రం, ముప్ఫై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా చూపాలి. వీటన్నింటి వెనుక అధికారి వెతికేది ఒక్కటే: ఈ మనిషి తిరిగి వెళ్తాడా? నైజీరియా, ఘనా, ఇథియోపియా పౌరులైతే ఐరోపా విమానాశ్రయంలో విమానం మారడానికి కూడా ప్రత్యేక వీసా తీసుకోవాలి. నేటాల్ అడిగిన అక్షరం స్థానంలోకి బ్యాంకు పుస్తకం వచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లే తెలుగువాడూ ఇదే వరుసలో నిలబడతాడు. ఓడలో కూలీగా పోయినవారి మనుమలు కొందరు ఆ వరుసకు బయట ఉండడం చరిత్రలోని వింతల్లో ఒకటి.

స్వదేశపు గడప

ఇంతవరకు చెప్పినవి ప్రవేశించే దేశాల షరతులు. నిజామాబాద్ కార్మికుని కథలో మొదటి గడప స్వదేశానిదే. 1922 భారత వలస చట్టం నైపుణ్యం లేని పని కోసం దేశం విడిచిపోవడాన్ని, ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు, ప్రకటించిన షరతులపై తప్ప, నిషేధించింది. ఒప్పంద కూలీ వ్యవస్థలోని దురాగతాలపై వచ్చిన వ్యతిరేకత ఫలితం అది. ఆ సదుద్దేశాన్ని శంకించనక్కర లేదు. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ ప్రయాణ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది. అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పాస్‌పోర్టు అధికారి దయ మీద ఆధారపడిన వస్తువు కాకుండా పోయింది.

అయితే కూలీకి ఆ తీర్పు సగమే అందింది. 1973 తరువాత చమురు ధరల పెరుగుదలతో గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాయి. అంతకుముందు బొంబాయి, భివండిలకు పని కోసం పోయిన నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల వారు బొంబాయి ఏజెంట్ల ద్వారా సముద్రం దాటడం మొదలైంది. మోసాలు పెరిగాయి. 1983 వలస చట్టం పాత చట్టం స్థానంలో వచ్చింది. ఏజెంట్లకు లైసెన్సు, కార్మికునికి వలసదారుల సంరక్షకాధికారి అనుమతి తప్పనిసరి అయ్యాయి. అనుమతి అవసరమైనవారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ అన్న గుర్తు పడింది. ప్రస్తుతం సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం పోయేవారికి ఇది వర్తిస్తుంది.

ఈ గుర్తు ఎవరికి ఉండదన్నదే అసలు ప్రశ్న. పదవ తరగతి ఉత్తీర్ణుడికి ఉండదు. ఆదాయపు పన్ను చెల్లించేవాడికి ఉండదు. యాభై ఏళ్లు దాటినవాడికి, మూడేళ్లు విదేశంలో ఉన్నవాడికి ఉండదు. చదువు, ధనం, వయసు, అనుభవం ఉన్నవాడు తన్ను తాను కాపాడుకోగలడన్నది చట్టపు ఊహ. నేటాల్ చట్టం అక్షరం లేనివాణ్ణి లోనికి రానీయలేదు. ఈ చట్టం అతణ్ణి ఆపి, పరిశీలించి పంపుతుంది. ఉద్దేశాలు పూర్తిగా వేరు. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కొలబద్ద మాత్రం ఒకటే.

దాని పర్యవసానం రెంజల్, బోధన్ వంటి మండలాల పరిస్థితిని బట్టి సులభంగా తెలుస్తుంది. పల్లెలకు ఉన్నత పాఠశాలలు వచ్చాయి. తండ్రి తరానికి అందని పదవ తరగతి కొడుకు తరానికి అందింది. బోధన్‌లో చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కొడుకు కూడా తండ్రి చేసిన తాపీ పనికే, కొన్నిసార్లు అదే కంపెనీకి, పోతాడు. తండ్రికి ఈసీఆర్ ఉన్నందున ఒప్పంద పత్రం పరిశీలన, 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద తప్పనిసరి బీమా ఉంటాయి. ఆ బీమా నేడు పది లక్షల రూపాయలు. పదవ తరగతి పాసైన కొడుకుకు ఈ రెండూ తప్పనిసరి కావు. ఎండ ఒకటే, పరంజా ఒకటే, కూలీ ఒకటే. పడిపోతే ఇంటికి చేరే డబ్బు మాత్రం చదువును బట్టి మారుతుంది.

మరొకవైపు, ఈసీఆర్ నియమం ఉద్యోగ ప్రయాణానికే కాబట్టి విజిట్ వీసాపై పోయేవాడికి అనుమతి అక్కర లేదు. ఏజెంటు ఈ సందును బాగా ఎరుగును. 2015 నాటికి అమలులోకి వచ్చిన ఈ-మైగ్రేట్ విధానంలో పేరు నమోదు కాకుండానే మనిషి దుబాయ్ చేరతాడు. ఏజెంటు సేవారుసుము ముప్ఫై వేల రూపాయలకు మించరాదన్న నిబంధన కూడా నమోదైన లావాదేవీకే పనికివస్తుంది.

స్త్రీల విషయంలో ఈ రక్షణ నిషేధంగానే మారింది. ఈసీఆర్ పాస్‌పోర్టుపై ఇంటిపనికి పోయే స్త్రీకి ముప్ఫై ఏళ్లు నిండాలి. ఆ వయసు లోపు స్త్రీ పోవడం ఆగలేదు. విజిట్ వీసా దారి పట్టింది. 2018 జనవరిలో ఈసీఆర్ ఉన్నవారికి నారింజ రంగు అట్టతో వేరుగా పాస్‌పోర్టు ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. చదువు తక్కువైన పౌరుణ్ణి దూరం నుంచే గుర్తుపట్టేలా చేయడం అవమానమన్న నిరసన రావడంతో నెల తిరగకముందే ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. అట్ట రంగు మారలేదు గాని లోపలి గుర్తు అలాగే ఉంది.

పల్లె నోట వీసా

చట్టం వాడే మాటలకూ, పల్లె వాడే మాటలకూ ఉన్న దూరం ఇంతవరకు తగినంత పరిశోధనకు నోచుకోలేదు. రాజ్యం దృష్టిలో వీసా ఒక అనుమతి. నిజామాబాద్ పల్లెలో అది ధర ఉన్న వస్తువు. ‘వీసా కొన్నడు’, ‘వీసా పంపిండు’, ‘వీసా తీసిండు’ అన్నవి అక్కడి నిత్యప్రయోగాలు. మామ అల్లుడికి వీసా పంపుతాడు, అన్న తమ్ముడికి పంపుతాడు. బాకీ బంధుత్వంలో కలిసిపోతుంది. నామమాత్రపు యజమాని పేరిట తెచ్చుకుని బయట ఎక్కడైనా పని చేసుకునేది ‘ఆజాద్ వీసా’. ఆజాద్ అంటే స్వేచ్ఛ. ఆ దేశాల చట్టం ప్రకారం అలా పనిచేయడం నేరం. పేరుకూ అర్థానికీ ఇంత వైరుధ్యం ఉన్న సమాసం తెలుగు వాడుకలో అరుదు.

అరబ్బీ నుంచి వచ్చినవి మరికొన్ని. నివాసానుమతి ‘అకామా’ అయింది. హామీదారు, అంటే యజమాని, ‘కఫీల్’. కార్మికుని నివాసం, ఉద్యోగం రెండూ అతని చేతిలో ఉంటాయి. యజమానిని విడిచి పారిపోయి పత్రాలు లేకుండా బతికేవాడు ‘ఖల్లివెల్లి’. అరబ్బీ వాడుకలో ‘పోనీలే, వదిలెయ్’ అన్న అర్థంలో నిర్లక్ష్యంగా అనే ‘ఖల్లీ వల్లీ’ తెలంగాణ నోట ఒక మనిషి చట్టపరమైన స్థితికి పేరైంది. నేడు పత్రికలు సైతం దానిని వివరణ లేకుండా వాడుతున్నాయి. వీటి పక్కన ‘వలస అనుమతి’ అన్న ప్రభుత్వ తెలుగు మాట పల్లెలో వినిపించదు.

1996లో, 2007లో, 2018లో, 2024లో యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. ఖల్లివెల్లి అయినవారికి అటువంటి సమయాల్లోనే ఇంటిదారి తెరుచుకుంటుంది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయి ఉంటుంది కాబట్టి భారత దౌత్య కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. పల్లెలో దాని పేరు ‘ఔట్‌పాస్’. అది ఒక్కసారి, ఒక్క వైపు, స్వదేశానికి మాత్రమే చెల్లుతుంది. దానికి పదవ తరగతి అక్కర లేదు.