ఐదు సెకన్ల లూపు

సీ నేర్చుకున్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే పని ఇది: లూపు సరిగ్గా ఐదు సెకన్లు తిరిగి ఆగాలి. చూడ్డానికి చిన్నదే గానీ దీని వెనక పెద్ద కథే ఉందండోయ్.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. చాలామంది దగ్గర అదే మిషను కాబట్టి, ఖాళీ ఫర్ లూపు ఎన్నిసార్లు తిరిగితే సెకను అవుతుందో చూసుకుని ఆ అంకె కోడులో రాసేస్తే సరిపోయేది. తర్వాత వేగం పెరిగింది, ఆటలు పిచ్చి పట్టినట్టు పరిగెత్తాయి. అలాంటి ప్రోగ్రాముల కోసమే మిషన్ని నెమ్మదింపజేసే టర్బో బటన్ పెట్టారు. పేరేమో టర్బో, పనేమో బ్రేకు!

బోర్లాండ్ వాళ్లు ఇంకాస్త తెలివిగా ఆలోచించారు. టర్బో పాస్కల్లో సీఆర్‌టీ యూనిట్ వాడితే, ప్రోగ్రాం మొదలవగానే గడియారం ఒక్క టిక్కులో (సుమారు 55 మిల్లీసెకన్లు) లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగించేది. అంటే మిల్లీసెకనుకి ఎన్ని చుట్లో తేలుతుందన్నమాట. జవాబు 16 బిట్లలో, అంటే 65,535 లోపు ఉండాలి. 1997లో పెంటియం 2 వచ్చాక జవాబు ఆ హద్దు దాటేసింది. ప్రోగ్రాం తెరవగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200', సున్నాతో భాగహారం! నిజానికి సున్నా ఎక్కడా లేదు. జవాబు పట్టకపోయినా ప్రాసెసర్ ఇచ్చేది అదే ఇంటరప్టు. డిలే ఒక్కసారి కూడా పిలవని ప్రోగ్రాములూ చచ్చాయి. సోర్సు కోడు చేతిలో లేనివాళ్లు ఎక్సీ ఫైల్లోనే బైట్లు మార్చుకోవాల్సి వచ్చింది. అయినా బోర్లాండ్ వాళ్లని తిట్టడానికి నాకు మనసొప్పదు. కంప్యూటర్లు అంత వేగం అందుకుంటాయని అప్పుడు ఎవరు లెక్కేస్తారు?

1989 ప్రామాణిక సీలో టైమ్, క్లాక్ రెండూ ఉన్నాయి. టైమ్ మామూలుగా పూర్తి సెకన్లే చెబుతుంది, కాబట్టి మీ ఐదు సెకన్లు నాలుగుంపావుకే అయిపోవచ్చు. మధ్యలో ఎవరైనా సిస్టం గడియారం వెనక్కి తిప్పితే ఇక గోవిందా. క్లాక్ చెప్పేది ప్రాసెసర్ వాడుకున్న సమయం. లినక్సులో ప్రోగ్రాం నిద్రపోతే అదీ నిద్రపోతుంది. విండోసులో మాత్రం గోడగడియారంలా నడుస్తూనే ఉంటుంది. ఒకటే కోడు, రెండు జవాబులు! పైగా 32 బిట్ల లినక్సులో దాదాపు 36 నిమిషాల ప్రాసెసర్ సమయానికే ఆ అంకె పొంగిపోయి నెగెటివ్ అయిపోతుంది.

ఇప్పుడైతే లినక్సులో క్లాక్ మోనోటోనిక్‌ని అడగడమే నయం, అది వెనక్కి నడవదు. పాత లూపు లెక్క మాత్రం పూర్తిగా పోలేదు. మీ లినక్స్ మిషన్లో సీపీయూ వివరాలు తీసి చూడండి, బోగోమిప్స్ అని ఓ అంకె కనిపిస్తుంది. ఖాళీ లూపు వేగం కొలవడానికి పుట్టిన అంకె అది. బోగస్ అని పేరులోనే ఒప్పేసుకున్నారు :)