టీబీలా కనిపించే మెలియాయిడోసిస్: షుగర్ ఉన్నవాళ్లు ఎందుకు జాగ్రత్తపడాలి?

షుగర్ ఉన్న మనిషికి జ్వరం వస్తుంది. మందులు వాడినా తగ్గదు. దగ్గు ఉంటుంది, బరువు తగ్గుతుంది, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తుంది. ఇలాంటప్పుడు మొదటి అనుమానం టీబీ మీదికే పోతుంది. కానీ ఇవే లక్షణాలతో వచ్చే మరో జబ్బు ఉంది. దాని పేరు మెలియాయిడోసిస్. 2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాల వార్తలు వచ్చినప్పుడు ఈ పేరు చాలామంది మొదటిసారి విన్నారు.

ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి కారణం బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బ్యాక్టీరియా. ఇది మట్టిలో, బురద నీటిలో బతుకుతుంది. బ్రిటిష్ ఇండియాలో భాగంగా ఉన్న రంగూన్‌లో ఆల్ఫ్రెడ్ విట్మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే డాక్టర్లు దీన్ని గుర్తించి 1912లో వివరించారు. చర్మం మీది గాయాల ద్వారా, కలుషిత నీటి ద్వారా, గాలిలోని దుమ్ము, తుంపరల ద్వారా ఒంట్లోకి చేరుతుంది. వానాకాలంలో కేసులు పెరుగుతాయి. మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. కాబట్టి రోగిని వెలివేసినట్టు చూడాల్సిన పనిలేదు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

అందరికంటే ముందు షుగర్ పేషెంట్లకు. కిడ్నీ, లివర్ జబ్బులు ఉన్నవాళ్లకు, తలసీమియా ఉన్నవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లకు కూడా ముప్పు ఎక్కువే. కొందరికి న్యుమోనియా వస్తుంది. కొందరికి చర్మం మీద పుండ్లు, కీళ్లలో చీము, లివర్‌లో, ప్లీహంలో చీము గడ్డలు వస్తాయి. రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా తేలుతుంది?

రక్తం, చీము, కఫం, మూత్రం శాంపిళ్లకు కల్చర్ టెస్ట్ చేయాలి. ఒకసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తేల్చలేం. కొన్ని ల్యాబుల్లో దీన్ని వేరే సూడోమోనాస్ రకంగా పొరబడే అవకాశం ఉంది. అందుకే అనుమానం ఉంటే ఆ మాట డాక్టర్ ల్యాబ్‌కు పంపే చీటీలోనే రాయడం మంచిది. ఇంటివాళ్లు కూడా షుగర్ సంగతి, పొలం పని, కాలికి తగిలిన దెబ్బ లాంటివి డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. టీబీ మందులు వాడుతున్నా గుణం కనిపించకపోతే, వాటిని సొంతంగా ఆపకుండా, కల్చర్ చేశారా అని అడగాలి.

చికిత్స

మామూలుగా వాడే చాలా యాంటీబయాటిక్స్ దీని మీద సరిగా పనిచేయవు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు నరం ద్వారా కనీసం రెండు వారాల పాటు ఇస్తారు. ఆ తర్వాత సాధారణంగా మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు ఉంటాయి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. జ్వరం తగ్గింది కదా అని ఇంటికొచ్చాక మాత్రలు మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

జాగ్రత్తలు

దీనికి ఇంకా టీకా లేదు. బురదలో దిగేటప్పుడు బూట్లు, చేతులకు గ్లౌజులు వేసుకోవాలి. గాయం ఉంటే కట్టు కట్టి, మట్టి తగలకుండా చూసుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లు తాగాలి. షుగర్ అదుపులో పెట్టుకోవాలి. వానాకాలంలో ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలకు జ్వరం వస్తే మెడికల్ షాపు మాత్రలతో రోజులు గడపకుండా ఆస్పత్రిలో చూపించాలి.