కాలిబాట లేని ఊళ్ళో ఛార్జింగ్ బండి

నరసరావుపేటలో గడియార స్తంభం నుంచి మల్లమ్మ సెంటరు దాకా నడిచి వెళ్ళదలచినవాడికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ వాహనం గురించీ కాదు, ఎక్కడ నడవాలి అన్నది. మురుగుకాలువ మీది బండలు, దుకాణాల మెట్లు, నిలబెట్టిన మోటారుసైకిళ్ళు, తోపుడుబండ్లు తమతమ వాటాలు తీసుకోగా మిగిలినదే పాదచారికి దక్కుతుంది. కొన్నేళ్ళుగా ఆ మిగులులోకి చప్పుడు చేయని బండి ఒకటి వచ్చి చేరింది. మనవాళ్ళు దాన్ని ఛార్జింగ్ బండి అనీ, బ్యాటరీ బండి అనీ పిలుచుకుంటున్నారు. వాటిలో వేగం తక్కువ రకానికి నంబరు పలక ఉండదు, నడిపేవారిని లైసెన్సు అడిగేవారూ ఉండరు. ట్యూషనుకు వెళ్ళే పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు, గేరు బండి నేర్చుకోని గృహిణులు దాని మీద కనిపిస్తారు. వెనక నుంచి వస్తున్నట్టు తెలియదు కనుక నడిచేవాళ్ళు ఉలిక్కిపడుతుంటారు.

దీన్ని అదుపు చేయాలా, వద్దా? చేస్తే రోడ్డు మీదకు పంపాలా, కాలిబాట మీద రానివ్వాలా? ఈ చర్చ ఇప్పుడు లోకమంతటా నడుస్తోంది. ఇదేదో కొత్త సమస్య అన్నట్టు మాట్లాడేవారే ఎక్కువ. చట్టాల చరిత్ర తిరగేస్తే మాత్రం ఇది ప్రతి తరమూ ఎదుర్కొన్న పాత తగాదాయే అనిపిస్తుంది. ఆ చరిత్ర కాస్త, మన పల్నాటి సంగతి కాస్త కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లండులో 1835లో రహదారుల చట్టం ఒకటి చేశారు. రోడ్డు పక్కన నడిచేవారి కోసం ఉన్న బాట మీద బండి తోలడం, పశువులను తోలడం నేరమని అందులో 72వ సెక్షను. అప్పటికి సైకిలు లేదు, మోటారు లేదు. అయినా 2011లో సెగ్వే అనే రెండు చక్రాల విద్యుత్ వాహనాన్ని కాలిబాట మీద నడిపిన ఒకాయనకు అక్కడి కోర్టు ఆ చట్టం కిందనే జరిమానా వేసింది. ఎడ్లనూ గుర్రాలనూ దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యం 176 ఏళ్ళ తరవాత బ్యాటరీ బండికీ సరిపోయిందన్నమాట! ఆ వాక్యం వాహనాన్ని పట్టించుకోలేదు, నడిచేవాడి చోటును కాపాడింది. అందుకే అంతకాలం బతికింది.

వాహనాన్ని చూసి భయపడి చేసిన చట్టాల గతి వేరు. అదే దేశంలో 1865లో చేసిన చట్టం ప్రకారం ఆవిరి బండి పల్లెల్లో గంటకు 4 మైళ్ళు, ఊళ్ళలో 2 మైళ్ళు మించరాదు; దాని ముందు 60 గజాల దూరంలో ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. 1896లో ఆ ఆంక్షలను ఎత్తివేసి వేగపరిమితిని 14 మైళ్ళకు పెంచారు. ఈ మధ్యలో సైకిలు వచ్చింది. అది బండి కిందికి వస్తుందా రాదా అన్న వాదం కోర్టుకెక్కితే, వస్తుందని 1879లో తీర్పు వచ్చింది. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా ముందుగా తేలవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఏ జాతిది?

మన దగ్గరా అంతే. నరసరావుపేట పురపాలక సంఘం 1915లో ఏర్పడింది. మద్రాసు రాజధానిలోని పురపాలక సంఘాలకు 1920లో వచ్చిన చట్టం చక్రాల బండ్లను రెండుగా విడదీసింది. స్ప్రింగులుండి మనుషులను మోసేది ఒక జాతి, మిగిలినవన్నీ మరొక జాతి. సైకిలునూ రిక్షానూ మొదటి జాతిలోనే లెక్కగట్టి, పన్ను వేసుకునే అధికారం ఇచ్చింది. పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు: సైకిలుకు ఏటా పురపాలక సంఘం బిళ్ళ కట్టించుకోవడం, రాత్రిపూట దీపం లేకపోతే పోలీసు ఆపడం, ఇద్దరెక్కితే చక్రాల్లో గాలి తీసేయడం... ఇవన్నీ మన పట్టణాల జ్ఞాపకాలే. ఇవాళ నవ్వు తెప్పించే ఆ బిళ్ళలో ఒక సుగుణం ఉంది. ఈ సైకిలు ఫలానావాడిదని అది చెప్పేది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మోటారు సంగతికి వస్తే, భారతదేశమంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. దాని స్థానంలో 1939లో సమగ్రమైన చట్టం చేశారు. అందులో అతి ముఖ్యమైన భాగం, అంటే బండి కింద పడినవాడికి పరిహారం దక్కేలా యజమాని తప్పనిసరిగా బీమా చేయించాలన్న అధ్యాయం, 1946 జులై 1 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. నమోదు, లైసెన్సు, వేగపరిమితి ఇవన్నీ ప్రభుత్వానికీ నడిపేవాడికీ మధ్య వ్యవహారాలు. దారిన పోయేవాడిని లెక్కలోకి తీసుకున్నది బీమా అధ్యాయం. ఇప్పుడున్న 1988 చట్టంలోనూ దానిదే కీలక స్థానం.

ఇక నేటి ఛార్జింగ్ బండి ఏ జాతిది? కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో బ్యాటరీ వాహనానికి ఒక నిర్వచనం ఉంది. మోటారు శక్తి 250 వాట్లకు లోపుగా, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపుగా ఉన్నట్టు అధీకృత పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, ఆ బండిని మోటారు వాహనంగా పరిగణించరు. అందువల్లే నమోదు లేదు, లైసెన్సు లేదు, వయోపరిమితి లేదు, శిరస్త్రాణం నిర్బంధం లేదు. ఈ మినహాయింపు వెనుక సదుద్దేశమే ఉంది. సైకిలు కన్న కాస్త ఎక్కువ, మోపెడు కన్న కాస్త తక్కువ అయిన బండిని సామాన్యుడికి సులభంగా అందనివ్వాలన్నది ఆలోచన. 2006లో యోబైకుల వంటివి మార్కెట్లోకి వచ్చినప్పుడు ఈ వెసులుబాటే వాటికి పెద్ద ప్రచారం.

మినహాయింపు నీడలో ఏం జరుగుతుందో ఢిల్లీ ఈ-రిక్షాల కథ చెబుతుంది. ఏ చట్టం కిందికీ రాకుండా వేలాదిగా పెరిగిన ఆ బండ్లలో ఒకటి 2014లో ఒక తల్లిని ఢీకొంటే, ఆమె చేతిలోని పసిబిడ్డ పక్కనున్న వేడి చక్కెరపాకంలో పడి మరణించింది. ఆ జులై 31న ఢిల్లీ హైకోర్టు ఈ-రిక్షాలను నిలిపివేసింది. అక్టోబరులో కేంద్రం నియమాలు చేసింది, 2015లో పార్లమెంటు చట్టాన్నే సవరించి ఈ-రిక్షాకు నిర్వచనం ఇచ్చింది. ముందు పసిప్రాణం పోయింది, తరవాత నిర్వచనం వచ్చింది. ఈ వరస మనకు అవసరమా?

విదేశాల అనుభవం కూడా చూద్దాం. 2001 డిసెంబరులో సెగ్వేను ఆవిష్కరించినప్పుడు, అది నగరాల రూపురేఖలనే మార్చేస్తుందన్నారు. అమెరికాలో పలు రాష్ట్రాలు దాన్ని కాలిబాటల మీద అనుమతిస్తూ చట్టాలు చేస్తే, శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మాత్రం కాలిబాటల మీద దాన్ని నిషేధించింది. ఆ తరవాతి తరం అద్దె స్కూటర్లది. పారిస్ నగరం 2023 ఏప్రిల్ 2న ప్రజాభిప్రాయం సేకరిస్తే, ఓటు వేసినవారిలో దాదాపు 89 శాతం అద్దె స్కూటర్లు వద్దన్నారు. ఓటింగుకు వచ్చినవారు 8 శాతం లోపే! అయినా ఆ ఏడాది సెప్టెంబరు 1 నాటికి అద్దె స్కూటర్లు అక్కడి వీధుల నుంచి తొలగిపోయాయి.

తెలుగువారు తరతరాలుగా ఉంటున్న సింగపూరు కథ మరింత బోధప్రదం. అక్కడ 2017లో చట్టం చేసి, కాలిబాట మీద విద్యుత్ స్కూటర్లను కొంత వేగం దాకా అనుమతించారు. 2019 ఫిబ్రవరిలో ఆ పరిమితిని గంటకు 10 కిలోమీటర్లకు కుదించారు. ఆ సెప్టెంబరులో స్కూటరు ఢీకొని 65 ఏళ్ళ మహిళ మరణించాక, నవంబరు 5 నుంచి కాలిబాటల మీద వాటిని పూర్తిగా నిషేధించారు. ఆ బండ్ల మీద ఇంటింటికీ భోజనం చేరవేసి బతికేవాళ్ళు రోడ్డున పడ్డామని మొరపెట్టుకుంటే, వాహనం మార్చుకోవడానికి 70 లక్షల సింగపూరు డాలర్ల నిధి ఏర్పాటైంది. నడిచేవాడి ప్రాణమూ నిజమే, నడిపేవాడి జీవికా నిజమే. రెంటినీ తూచిన తీరు గమనించదగ్గది.

అయితే ఈ తీర్పులన్నీ కాలిబాట ఉన్న ఊళ్ళవి. బండిని కాలిబాట మీద నుంచి దించి రోడ్డు మీదకు పంపడం అక్కడ ఒక పరిష్కారం. పిడుగురాళ్ళలో సున్నపురాయి లారీల పక్కన, మాచర్లలో సాగరు వెళ్ళే బస్సుల పక్కన నడిచేవాడికీ, ఛార్జింగ్ బండివాడికీ దొరికేది ఒకే రెండడుగుల మట్టి అంచు. ఎవరిని ఎక్కడికి పంపుతాం? పల్నాడు పేరు చెప్పగానే బ్రహ్మనాయుడి చాపకూడు తలుచుకుంటాం. అందరూ ఒకే చాప మీద కూర్చోవడం గొప్ప సంగతే, కానీ ముందు చాపంటూ ఒకటి పరవాలి కదా! పాదచారులకు కాలిబాట హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. ఛార్జింగ్ బండి గురించి ఏ నియమం చేసినా, ఆ చాప పరచకుండా చేస్తే కాగితానికే పరిమితం.

ఉమ్మడి దారిని పంచుకోవడం మనకు చేతకాదనుకోవడం కూడా పొరపాటే. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే ప్రభలను చూడండి. కొన్ని వంద అడుగులకు చేరువగా లేచి, వేల దీపాలతో వెలుగుతూ కదులుతాయి. (పల్నాటి తొలి విద్యుత్ వాహనాలు అవేనని చమత్కరించవచ్చు!) వాటికోసం రోడ్డుకు అడ్డంగా ఉన్న కరెంటు తీగలు విప్పుతారు, వాహనాలను దారి మళ్ళిస్తారు. ఇంత భారీ కట్టడాలు జనసముద్రం మధ్య సాగిపోగలగడానికి ఒక కారణం, ప్రతి ప్రభా ఫలానా ఊరిదని అందరికీ తెలియడం. ఏదైనా జరిగితే జవాబు చెప్పే పెద్దలుంటారు.

సరిగ్గా అదే నేటి చిన్న బండికి లేదు. పిల్లవాడు నడుపుతున్న ఛార్జింగ్ బండి తగిలి ఒక ముసలమ్మ తుంటి విరిగిందనుకుందాం. నిర్లక్ష్యంగా నడిపినందుకు క్రిమినలు కేసు పెట్టవచ్చు. భారతీయ న్యాయసంహిత ఏ వాహనాన్నీ విడిచిపెట్టదు. కానీ ఆసుపత్రి ఖర్చు? అది మోటారు వాహనం కాదు కనుక నిర్బంధ బీమా లేదు, ప్రమాద పరిహార ట్రిబ్యునలుకు వెళ్ళే దారి లేదు. ఢీకొని పారిపోయిన కేసుల్లో తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇచ్చే 2022 నాటి కేంద్ర పథకమూ మోటారు వాహనాలకే. ఇక మిగిలింది సివిలు కోర్టులో దావా. నంబరే లేని బండి మీద దావా ఎవరి పేరున వేయాలి? 1946లో పాదచారికి దక్కిన రక్షణ, ఒక నిర్వచనం పుణ్యమా అని ఈ బండి ముందు చెల్లకుండా పోయింది.

అలాగని అన్ని చిన్న బండ్లనూ మోటారు వాహనాలను చేసి లైసెన్సు అడగమని నేననను. ఆ పని చేస్తే వేగంగా పోయే కుర్రవాడు మరో బండి కొనుక్కుంటాడు; ఇంట్లో కూర్చునేది మోకాళ్ళ నొప్పుల పెద్దమనిషీ, ఈ బండితోనే తొలిసారి గడప దాటి సొంతంగా బజారుకెళ్ళిన గృహిణీ. ఎర్రజెండా చట్టం చేసిన తప్పే మనమూ చేసినవాళ్ళమవుతాం.

నా మట్టుకు నాకు తోచేది ఇది. పాత సైకిలు బిళ్ళను తిరిగి తెచ్చుకోవాలి. పన్ను కోసం కాదు, జవాబుదారీ కోసం. అమ్మేటప్పుడే ఒక సంఖ్య, ఆ ధరలోనే కొన్నేళ్ళకు సరిపడా చిన్న బీమా. పరీక్షల భయం లేకుండా, ఆఫీసుల చుట్టూ తిరగకుండా. వేగ నియంత్రణను విప్పేసి 40, 50 కిలోమీటర్లకు పెంచి ఇచ్చే దుకాణాల మీద మాత్రం కఠినంగా ఉండాలి. ఎందుకంటే ఆ మరుక్షణం నుంచి అది చట్టం దృష్టిలో మోటారు వాహనమే.

ఇందుకు చట్టం మారాలి, నిజమే. ఈలోగా పురపాలక సంఘాలు తలచుకుంటే చేయగలిగింది ఒకటుంది: మురుగుకాలువ మీద బండలు సరిగ్గా పరిచి, దాన్ని నడిచేవాడికి వదిలేయడం. మీ ఊళ్ళలో ఆ బండల మీద ఇప్పుడు ఏమున్నాయో, పాత సైకిలు బిళ్ళ సంగతులు మీ ఇళ్ళలో ఎవరికి గుర్తున్నాయో తెలిస్తే రాయండి. అధికారుల దస్త్రాలకెక్కని చరిత్ర చాలా భాగం మన పెద్దవాళ్ళ మాటల్లోనే ఉంది.